పలక చొక్కా

మార్కాపురం దాటినాక గుండ్లకమ్మలో
మోకాలి లోతు కూడా లేని నీళ్ళు.
ఒడ్డున ట్రాక్టరు దించిపోయిన పలక చెత్త.
విరిగినవి, పెచ్చులు లేచినవి,
ఏ పిల్లోడి ఒళ్ళోకీ చేరనివి.

వాటి మధ్య ఒక రాయి నడవడం
మొదట చూసింది మా పీరయ్య మామే.
"రాయి నడవదురా. తిప్పి చూడు."

తిప్పాను.
నువ్వుగింజంత తల, ఆరు కాళ్ళు,
మిగతా ఒళ్ళంతా గొట్టం.
పలక ముక్కల్ని పెంకుటింటి కప్పులా
ఒకదాని అంచున ఒకటి పేర్చి
నోట్లోంచి తీసిన దారంతో కుట్టుకున్న గొట్టం.
తడిలోనే కుట్టు, తడిలోనే పట్టు.
నా వేలి నీడకి తల లోపలికి పోయింది.

దాని పేరు మాకు తెలీదు.
సైన్సు అయ్యోరు రాజారత్నం
ఇది సీతాకోక వైపు చుట్టమన్నాడు.
మామ పలకపురుగన్నాడు.
మామ పేరే నిలిచింది.

మధ్యాహ్నం మిషను ఆగితే
సద్దిగిన్నెతో ఏటికొచ్చేవాడు మామ.
కనురెప్పల మీద, చెవి వెంట్రుకల మీద నల్లబూడిద.
మొహం కడుక్కుంటే నీళ్ళలో మబ్బు కమ్మేది,
మబ్బు లోంచి పక్కెపిల్లలు చెదిరిపోయేవి.
"ఈటన్నిటికీ ఆకలేరా," అని చూపించేవాడు.
అదిగో తూనీగ పిల్ల,
ముడ్డిలోంచి నీళ్ళు చిమ్మి ఒక్క దూకున మాయం.
ఇదిగో సూదితూనీగ పిల్ల,
తోకరెక్క చేప నోట్లో వదిలేసి
తెగిన చెప్పు వదిలి ఉరికినోడిలా పోతా ఉండాది.
ఆ చదునుది చూడు, చచ్చినట్టు పడుకునింది,
చీటీల రోశమ్మ వాకిట్లోకొస్తే మీ అత్త పడుకున్నట్టు.
పలకపురుగు ఉరకదు.
"దానికేం, చొక్కా ఉండాది."

ఒకరోజు నేను ఆ చొక్కా విప్పాను.
వెనక నుంచి పుల్లతో పొడిస్తే
తెల్లగా, మెత్తగా, సిగ్గుగా బయటికొచ్చింది.
మామ నన్ను కొట్టలేదు. చాలాసేపు మాట్లాడలేదు.
గిన్నె మూతలో నీళ్ళు పోసి
దాన్ని అందులో వదిలి,
ఒక పక్క పలక ముక్కలు చిట్టి చిట్టివి,
ఒక పక్క తన చొక్కా దులిపిన పొడి.

తెల్లారేసరికి ముక్కలన్నీ అయిపోయాయి.
మొదట భయంతో అతికించినవి వంకరటింకర,
తర్వాతవి తీరుబడిగా.
పొడిని మాత్రం తాకలేదు.
"చూసినావా, దీనికి తెలిసింది
మా మేస్త్రీకి తెలీలా," అని నవ్వాడు.
నవ్వు దగ్గయింది.
దగ్గు ఎంతకీ తిరిగి నవ్వు కాలేదు.

ఒంగోలు ఆస్పత్రిలో డాక్టరమ్మ
ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టింది.
రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు,
పక్కపక్కన, ఒకదాని అంచున ఒకటి.
నాకు వెంటనే తెలిసింది అదేంటో.
మామ కూడా కుట్టుకున్నాడు.
లోపలి వైపు.

ఆ ఏడు వానలు లేవు.
గుండ్లకమ్మ ఇసక మీద ఖాళీ గొట్టాలు ఏరాను, పదకొండు.
అగ్గిపెట్టెలో పెట్టి మంచం పక్కనుంచితే
చెవి దగ్గర ఊపి విన్నాడు.
"ఎగిరిపోయినయ్యిలే," అన్నాడు,
నాకు నమ్మకం కుదరలేదు.

మామ పోయిన పదో రోజు
బాకీ కూలి కోసం షెడ్డుకెళ్ళాను.
మేస్త్రీ ఇంకా రాలేదన్నారు.
కోత మిషను పక్కన నీళ్ళ డ్రమ్ము.
చక్రం మీద నీళ్ళు పడితే దుమ్ము లేవదని
ఎవరో సార్లు చెప్పి పెట్టించిందట.
నీళ్ళు పెడితే పని సాగదని
పైపు ఎప్పుడూ బిగించలేదు.

తొంగి చూశాను.
నా తల నీడ పడగానే
దోమపిల్లలన్నీ మెలికలు తిరిగి
ఒక్కసారిగా అడుక్కి.
డ్రమ్ములో నల్లటి ఆకాశం మాత్రం మిగిలింది.

పక్కకి జరిగి లెక్కపెట్టాను,
మామ నేర్పినట్టు, వేళ్ళ మీద.
ఇరవై, ముప్పై, ముప్పై ఆరు.
ఒకటి వచ్చింది పైకి, తోక ఎత్తి.
ఇంకొకటి.
ఊపిరి కోసం
ఎంత భయమైనా రావాల్సిందే.
షెడ్డు లోపల ఎవరో మిషను వేశారు.